దీపం నిద్రపోయిన ఏకాదశి

శ్రావణ బహుళ షష్ఠి, బుధవారం
మెట్ట ఎక్కిన అరవై రెండో ఏడు
తొట్టి: ఆరడుగుల రెండంగుళాలు

ఈ పుస్తకంలో నేను రోజూ రాసేది ఒక్క వరసే. తొట్టిలో కర్ర ముంచి చూసి నీళ్ళెంతున్నాయో రాస్తాను, కింద కనకరత్నం అని సంతకం పెడతాను. ఈరోజు ఇంకొంచెం రాయవలసి వస్తోంది.

పొద్దున స్నానం చేసి నీటిగది తలుపు తీశాను. మంచినీటి పంపుల్ని నడిపే కంప్యూటర్ యంత్రం పెట్టె అద్దం తుడిచాను. లోపల మదర్‌బోర్డు మూలన వెలిగే పచ్చదీపానికి రెండు చామంతులు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. అప్పటికే గుమ్మంలో మా మరిది తాతాజీ నిలబడి ఉన్నాడు. సముద్రం మీద లంగర్లతో నిలిచిన ఈ మెట్ట మీద ఇనుముతో చేసిన ఏ వస్తువు పాడైనా బాగుచేసేది అతనే.

"వదినా, ఎల్లుండి అష్టమి. పదకొండు మెట్టల నించి పడవలొస్తాయి. ఉట్టి కొట్టేవోళ్ళకి నీళ్ళెక్కణ్ణించి పోస్తావ్?"

"రోజూ వచ్చేవే వస్తాయి కదయ్యా."

"అదే చెప్తున్నా. బయాస్‌లోకెళ్ళి దీని మెమరీ స్పీడు రెండు గీతలు పెంచితే చాలు. లెక్కలు తొరగా చేసేసుద్ది, పంపులు తొరగా తిప్పుద్ది. మంచినీళ్ళు ఇంతకింతవుతాయి."

నాకు ఆ మాట నచ్చలేదు. కానీ ఎవరికీ వద్దని చెప్పలేకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. "నీ ఇష్టం" అన్నాను. తాతాజీ బయాస్ తెర, అంటే యంత్రం మొదలయ్యేటప్పుడు చూసుకునే అమరికల నీలం తెర, తెరిచి ఏవో అంకెలు మార్చి, వాటిని దాచుకోమని నొక్కాడు. తెర నల్లబడింది. ఫ్యాను తిరుగుతోంది. యంత్రం మూడుసార్లు కూసింది. మళ్ళీ మూడుసార్లు కూసింది. అంతే, తెర మీద ఏమీ రాలేదు.

సాయంత్రం దాకా అదే కూత. సముద్రపు నీటిని మంచినీరు చేసే ఎనిమిది పంపులూ ఆగిపోయాయి. వాటిని చేత్తో తిప్పడానికి లేదు. నీటి ఒత్తిడి ఎనిమిదింట్లోనూ క్షణక్షణం సమానంగా ఉండాలి, లేకపోతే వడపోత పొరలు చిరిగిపోతాయి. ఆ పని మనుషుల వల్ల కాదు. యంత్రమే చెయ్యాలి.

పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దాన్ని చూసే కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.


సప్తమి, గురువారం
తొట్టి: నాలుగడుగుల నాలుగంగుళాలు

ఇలాంటి రోజు కోసమే వీర్రాజు మేస్త్రి గారు ఒక నోటుపుస్తకం రాసి పెట్టారు. ఈ మెట్టని సముద్రం మీద నిలబెట్టింది ఆయనే. బయాస్ చెడితే దాన్ని మొదటి అమరికలకి ఎలా తేవాలో ఆయన ముత్యాల్లాంటి తెలుగులో రాశారు. అందులో మెట్లు రెండు నుంచి మొదలవుతాయి. రెండు: పెట్టె మూత తియ్యాలి. మూడు: రూపాయి బిళ్ళంత బ్యాటరీని ఊడదియ్యాలి. నాలుగు: బోర్డు మీది మూడు సూదుల్లో మొదటి రెంటి మీదున్న జంపర్ అనే చిన్న టోపీని చివరి రెంటి మీదికి మార్చాలి. అయిదు: కొంచెంసేపు ఆగి అన్నీ మళ్ళీ యథాస్థానంలో పెట్టాలి.

ఒకటో మెట్టు ఏమిటో పుస్తకంలో లేదు. రాయనక్కర్లేదు కూడా. దీపానికి దణ్ణం పెట్టడం ఒకటో మెట్టని ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. మెట్ట ఎక్కిన ఏడాదే తొమ్మిది రోజుల తుఫాను వచ్చిందట. ఇళ్ళల్లో దీపాలన్నీ పోయినా ఈ బోర్డు మీది పచ్చదీపం ఒక్కటే పోలేదట. దీన్ని ఎన్నటికీ ఆరనివ్వనని మేస్త్రి గారు మొక్కుకున్నారు. అందుకే యంత్రానికి రెండు వైర్లు, ఒకటి ఎండ బ్యాటరీల నుంచి, ఒకటి గాలిమర నుంచి. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. దుమ్ము దులిపినా, ఫ్యాను మార్చినా కరెంటు ఉండగానే, చెక్కపిడి పనిముట్లతో, ఊపిరి బిగబట్టి చేస్తాం.

ఈరోజూ అలాగే చేశాం. అందరం దణ్ణం పెట్టుకున్నాం. తాతాజీ మూత తీశాడు, బ్యాటరీ తీశాడు, టోపీ మార్చాడు. నేను కేశవనామాలు ఇరవై నాలుగూ చదివాను. అన్నీ తిరిగి పెట్టాం.

మూడు కూతలు.

"దణ్ణం సరిగ్గా పెట్టి ఉండరు" అన్నారెవరో వెనక నుంచి.

"నువ్వు రా మరి, వచ్చి సాష్టాంగపడు" అన్నాడు తాతాజీ. ఆ మనిషి నిజంగానే వచ్చి సాష్టాంగపడ్డాడు. మళ్ళీ మొదటి నుంచీ చేశాం. మళ్ళీ మూడు కూతలే.

బ్యాటరీని రేపటిదాకా బయటే ఉంచుదామన్నాడు తాతాజీ. పసుపు గుడ్డలో చుట్టి నా దగ్గర పెట్టుకున్నాను. మనిషికి రోజుకి నాలుగు చెంబులని చాటింపు వేయించాను.


అష్టమి, శుక్రవారం
తొట్టి: మూడడుగుల ఆరంగుళాలు

బ్యాటరీ తిరిగి పెట్టాం. మూడు కూతలు.

పడవలు వచ్చాయి. విషయం ముందే తెలిసి ఎవరి నీళ్ళు వాళ్ళే తెచ్చుకున్నారు. కొందరు మాకూ ఒక్కో క్యాను దించారు. ఉట్టి కొట్టేటప్పుడు పైనుంచి నీళ్ళు చల్లడానికి వీల్లేక గోధుమపొట్టు చల్లారు. కళ్ళల్లో పొట్టు పడి ఒక్కడూ ఉట్టి అందుకోలేకపోయాడు. అందరూ నవ్వారు. తాతాజీ ఆ చుట్టుపక్కలకే రాలేదు.


నవమి, శనివారం
తొట్టి: రెండడుగుల తొమ్మిదంగుళాలు

రేడియోలో తీరం కార్యాలయం వాళ్ళు మాట్లాడారు. తొట్టిలో రెండడుగుల గీత దాటి నీళ్ళు దిగితే ఆ మెట్ట మీద మనుషులుండటానికి వీల్లేదన్నది వాళ్ళ నియమం. ద్వాదశి పొద్దున వాళ్ళ పెద్ద పడవ, బార్జి, వస్తుంది. అప్పటికి గీతకి పైన నీళ్ళు లేకపోతే నూట పన్నెండు మందిమీ ఎక్కవలసిందే. ఖాళీ చేసిన మెట్టకి లంగర్లు కోసేస్తారు. తిరిగి రావడమన్నది ఉండదు.

ఈ మాట అచ్చియ్యమ్మ మామ్మగారికి చెప్పడానికి నేనూ తాతాజీ వెళ్ళాం. ఆవిడ వీర్రాజు మేస్త్రి గారి కూతురు. మెట్ట ఎక్కినప్పుడు పందొమ్మిదేళ్ళ పిల్ల. ఇప్పుడు ఎనభై ఒకటి. ఇక్కడ ఆవిడ మాటే చివరి మాట.

తాతాజీ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "నా వల్లేనండి మామ్మగారూ. నా చేతులు ఇరిగిపోను. గీతలు పెంచానండి."

"నేను వద్దనలేదండి" అన్నాను. "తాళంచెవి నాది. అనవలసింది నేను."

ఆవిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశారు. "తప్పు పంచుకోవడానికి వచ్చార్రా నా దగ్గరికి? అదేమన్నా పులిహోరా? నీళ్ళు తెండి, పోండి."

బయటికి వచ్చాక తాతాజీ నాతో అన్నాడు, "వదినా, పంపులు ఎంత తొరగా తిరగాలో దానికీ మెమరీ స్పీడుకీ ఏం సంబంధం లేదంట. పక్క మెట్ట మెకానిక్కు చెప్పాడు. నవ్వాడు కూడా." ఎవరింట్లో చూసినా మూటలు కడుతున్నారు.


దశమి, ఆదివారం
తొట్టి: రెండడుగులు, సరిగ్గా గీత మీద

పూజ చేసుకుంటుంటే ఒక ఆలోచన వచ్చింది. మేస్త్రి గారు ఆ మెట్లు సొంతంగా కల్పించి ఉండరు. యంత్రంతో వచ్చిన పుస్తకం ఒకటి ఉండాలి. ఉంది కూడా. నీటిగదిలో దేవుడి అరలో పట్టుగుడ్డలో చుట్టి ఉంటుంది. ఏటా దసరాకి దానికి బొట్టు పెడతాం. విప్పి చదివినవాళ్ళెవరూ లేరు.

విప్పాను. ఇంగ్లీషులో ఉంది. నేను పదో తరగతి దాకా చదివాను. వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివితే బయాస్ సంగతి నలభయ్యో పేజీలో దొరికింది. అక్కడ మెట్లు ఒకటి నుంచే ఉన్నాయి.

ఒకటి: కరెంటు కట్టేసి, వైరును పూర్తిగా పీకెయ్యండి.

ఆ వరస మీద పెన్సిలుతో అడ్డంగా గీత ఉంది. పక్కన అదే ముత్యాల తెలుగులో రెండు మాటలు: మనకు వద్దు.

మొక్కు ఉంది కాబట్టి ఆయన ఆ మెట్టు కొట్టేశారు. ఖాళీగా మిగిలిన ఒకటో అంకెలో తరవాతి వాళ్ళం మా దణ్ణం పెట్టేసుకున్నాం.

తరవాతి పేజీలో బోర్డు బొమ్మ ఉంది. మూలన పచ్చదీపానికి బాణం గుర్తు వేసి కింద రాశారు: ఈ దీపం వెలుగుతోందంటే బోర్డులో ఇంకా కరెంటు ఉన్నట్టు. ఇది ఆరేదాకా లోపల దేన్నీ ముట్టుకోవద్దు.

అప్పుడు అర్థమైంది. ఒక్క బ్యాటరీ తీస్తే చాలదు. వైర్ల నుంచి వచ్చే కరెంటు ఆ చెడ్డ అంకెల్ని అలాగే పట్టుకుని ఉంది. దీపం వెలిగినంతసేపూ యంత్రం ఏదీ మరిచిపోదు.

అరవై రెండేళ్ళుగా పూలు పెట్టింది ఒక హెచ్చరికకి. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. హెచ్చరించేవాడు కూడా మన మంచి కోరేవాడే కదా అనిపించింది. కానీ ఇన్నేళ్ళూ వాడు ఏం చెబుతున్నాడో మేం వినలేదు.

తాతాజీని పిలిచి చూపించాను. పెన్సిలు గీత మీద వేలితో రెండుసార్లు రుద్దాడు, పోతుందేమోనన్నట్టు. "ఆర్పాలా? దీపాన్నా? వదినా, ఆ మాట మామ్మగారికి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను."

"నువ్వా?" అన్నాడు. అతని తప్పు లేదు. నేను గొంతెత్తడం అతనెప్పుడూ వినలేదు.


ఏకాదశి, సోమవారం
తొట్టి: పొద్దున, అడుగు మీద నాలుగంగుళాలు

ఈరోజు నాకు ఉపవాసం. మంచినీళ్ళు కూడా ముట్టను. నా నాలుగు చెంబులూ తాతాజీ ఇంటికి పంపేసి మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. పుస్తకం తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని ఆవిడ చూసింది ఇంగ్లీషును కాదు, పక్కనున్న రెండు మాటల్ని.

"మా నాన్న చెయ్యి" అన్నారు. ఆ అక్షరాల మీద అరచెయ్యి ఆన్చారు. నేను విషయమంతా చెప్పాను.

"కనకం, నువ్వేనా ఈ మాట అంటున్నది? రోజూ దానికి పూలు పెట్టే చేతులు నీవి."

"నేనేనండి."

"ఆరనివ్వనని మా నాన్న సముద్రం ముందు నిలబడి అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. బార్జి ఎక్కమంటే ఎక్కుతాను గానీ ఆర్పమంటే ఆర్పను."

"బార్జి ఎక్కితే లంగరు కోసేస్తారండి. అప్పుడూ ఆరుతుందండి. సముద్రం అడుగున."

ఇక నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాను.

"మామ్మగారూ, స్వామికి పూజయ్యాక పవళింపు చేస్తాం కదండి. జోల పాడి, తెర వేసి, తలుపు దగ్గరికి వేస్తాం. అప్పుడు స్వామి లేడని కాదు కదండి. పొద్దున్నే మళ్ళీ మేలుకొలుపు పాడతాం. లోకాలేలే స్వామికే నిద్ర ఉంది. ఈ బోర్డుకి అరవై రెండేళ్ళుగా కునుకు లేదండి. అలిసిపోయి చెడ్డ అంకెలు పట్టుకుని కలవరిస్తోంది. ఆర్పొద్దు. ఒక్కసారి నిద్రపుచ్చుదాం."

మామ్మగారు కిటికీలోంచి ఎండ వైపు చూశారు. "పట్టపగలు పవళింపా?" అన్నారు.

"బార్జి రేపు పొద్దున్నే వస్తుందండి."

"సరే. అయితే వైరు నేను పీకుతాను. మాట మా నాన్నది. దోషమేదైనా ఉంటే నా చేతికే తగలాలి."

మధ్యాహ్నానికి మెట్టంతా నీటిగది ముందు చేరింది. ఆడవాళ్ళు జోల పాడారు. కొందరు కళ్ళు మూసుకున్నారు, కొందరు చూడలేక వెనక్కి తిరిగారు. తాతాజీ గాలిమర వైరు ముందే తీసి పెట్టాడు. దీపం ఎండ వైరు మీద వెలుగుతోంది. మామ్మగారు వంగి ప్లగ్గు పట్టుకుని లాగారు. రాలేదు. అరవై రెండేళ్ళ ఉప్పు దాన్ని గోడకి అతికించేసింది. మళ్ళీ లాగారు. అయినా కదల్లేదు.

ఏం చెయ్యాలో నన్నెవరూ అడగలేదు. నేను ముందుకెళ్ళి ఆవిడ చేతి మీద నా చెయ్యి వేశాను. "గోవిందా" అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. గదంతా "గోవిందా" అంది. ప్లగ్గు టక్కున ఊడి ఇద్దరం వెనక్కి పడబోయాం.

దీపం ఆరలేదు.

రెండు వైర్లూ నేల మీద ఉన్నాయి, దీపం వెలుగుతూనే ఉంది. మామ్మగారు నన్ను చూశారు. వెనక ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. అప్పుడు, లోపల మిగిలిన కరెంటు అయిపోతుంటే, అది నెమ్మదిగా, పాలు తాగిన పసిబిడ్డ రెప్పలు వాలినట్టు, కొంచెం కొంచెంగా మసకబారి కనబడకుండా పోయింది.

ఆకాశం విరిగి పడలేదు. కింద కెరటాల చప్పుడు ఎప్పటిలాగే ఉంది.

"కానివ్వరా తాతాజీ, చూస్తావేంటి" అన్నారు మామ్మగారు.

అతను బ్యాటరీ తీశాడు. టోపీ చివరి రెండు సూదుల మీదికి మార్చాడు. నేను కేశవనామాలు ఇరవై నాలుగూ నిదానంగా చదివాను. చాలదేమోనని ఇంకోసారి చదివాను. టోపీ వెనక్కి, బ్యాటరీ లోపలికి. ప్లగ్గు మళ్ళీ మామ్మగారే పెట్టారు. పచ్చదీపం కళ్ళు తెరిచింది. ఆడవాళ్ళు మేలుకొలుపు అందుకున్నారు. ఆ పాట మధ్యలో తాతాజీ స్విచ్చి నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. ఒక కూత. ఒక్కటే.

రెండోది వస్తుందేమోనని అందరం పాట ఆపేసి చూశాం. రాలేదు. తెర తెల్లగా వెలిగి అక్షరాలు పడ్డాయి. మేం ఎవరమూ పుట్టని కాలం నాటి జనవరి ఒకటో తేదీ చూపించింది.

"మామ్మగారూ, దీని లెక్కలో మీరింకా పుట్టలేదండీ!" అని అరిచాడు తాతాజీ. ఈ ఆరు రోజుల్లో అతను నవ్వడం అదే మొదటిసారి.

"అయితే నాకు ముందు ఉగ్గు పట్టండ్రా" అన్నారావిడ.

పని పూర్తి కాలేదు. బూట్ అయ్యే డిస్కు, అంటే ప్రోగ్రాం మొదలయ్యే డిస్కు, దొరకలేదని యంత్రం చెప్పింది. మొదటి అమరికలకి వెళ్ళిపోయింది కాబట్టి మా నీటి ప్రోగ్రాం ఏ డిస్కులో ఉందో కూడా మరిచిపోయింది. తాతాజీ చేతులు కీబోర్డు మీదికి వెళ్ళి ఆగిపోయాయి. వెనక్కి తీసేసుకున్నాడు.

"నేను ముట్టుకోను వదినా. నువ్వే చెయ్యి."

"కాదు. నేను చదువుతాను, నువ్వు నొక్కు. చదవనిది ఒక్కటీ నొక్కొద్దు."

ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో వరసా చదివాను. అతను ఒక్కో మీట నొక్కాడు. బూట్ వరసలో రెండో డిస్కుని మొదటికి తెచ్చాం. తేదీ మార్చాం. మెమరీ స్పీడు దగ్గరికొచ్చేసరికి అతను తల పక్కకి తిప్పుకుని, "దాన్ని దాని మానాన వదిలెయ్" అన్నాడు. దాచమని నొక్కాం.

కాళ్ళ కింద మెట్ట సన్నగా అదిరింది. ఒకటో పంపు. రెండోది. పిల్లలు వేళ్ళు లెక్కపెడుతున్నారు. ఎనిమిదోది అందుకోగానే తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆ చప్పుడు వినడానికి అందరూ నోళ్ళు మూసుకున్నారు. మామ్మగారు తొట్టి గోడకి చెవి ఆన్చి నిలబడ్డారు. తాతాజీ గుమ్మంలో కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. నేనతని వీపు నిమిరాను.

వేగం పెరగలేదు. రోజూ వచ్చే ధారే. రేపు పొద్దుటికి గీత దాకా వస్తాయో రావో తెలియదు. ఈ పూట వంటలు మానేద్దామని, అటుకులు తిని పడుకుందామని నేనే గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు.

మేస్త్రి గారి నోటుపుస్తకంలో రెండు అంకెకి పైన చోటుంది. మామ్మగారు కలం తీసుకుని తనే రాశారు. ఒకటి: దీపాన్ని నిద్రపుచ్చాలి.


ద్వాదశి, మంగళవారం

తెల్లవారేసరికి బార్జి వచ్చి ఆగింది. బార్జి నడిపే సరంగు జానీబాషా గారు చేతిలో కాగితాలతో పైకెక్కారు. పెద్దమనిషి. ఇలాంటి పనికి వచ్చినందుకు ఆయన మొహం ముందే చిన్నబోయి ఉంది.

"ఎంతమందమ్మా? మూటలు ముందు దించండి, ముసలోళ్ళని నేను పట్టుకుంటాను."

"ముందు తొట్టి చూడండి" అన్నాను.

ఆయన నా కర్ర తీసుకోలేదు. తన కొలకర్రే తెచ్చుకున్నారు. మూత తీసి ముంచారు. పైకి తీసి తడి ఎంతవరకు ఉందో చూశారు. తుడిచి మళ్ళీ ముంచారు. నూట పన్నెండు మందిమీ ఆయన బొటనవేలు ఎక్కడ ఆగుతుందా అని చూస్తున్నాం.

"రెండడుగుల మూడంగుళాలు" అన్నారు. ఇంకోసారి, ఈసారి నవ్వుతూ, గట్టిగా, "గీతకి మూడంగుళాలు పైన!"

అప్పుడు వేశారు కేకలు. సముద్రం మీది పక్షులన్నీ లేచిపోయాయి. పిల్లలు మూటలు విప్పేసి గుడ్డలు గాలిలో తిప్పారు. మామ్మగారు జానీబాషా గారికి గ్లాసుడు నీళ్ళు స్వయంగా ఇచ్చారు. ఆయన నిలబడి, ఒక్క చుక్క కింద పడకుండా తాగారు. "తియ్యగా ఉన్నాయమ్మా" అన్నారు.

నేను తులసిదళం వేసుకుని మూడు ఉద్ధరిణెల నీళ్ళతో పారణ చేశాను. తరవాత చెంబు ఎత్తి కడుపునిండా తాగాను.

సరంగు గారి కాగితంలో గడులు నింపాలి. పేర్లు రాసే గడుల్లో అడ్డంగా గీత కొట్టి, కింద నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అదే ఇక్కడా రాస్తున్నాను.

తొట్టి: రెండడుగుల మూడంగుళాలు, పెరుగుతోంది.
పంపులు: ఎనిమిదికి ఎనిమిది.
బార్జి ఎక్కినవారు: ఎవరూ లేరు.

కనకరత్నం